యుగం అనే హారం: 43,20,000 వెనుక ఉన్న లెక్క

స్థానవిలువతో సంఖ్యలు రాసే పద్ధతి మన నేల మీద ఎలా కుదురుకుందో గత భాగంలో చూశాం. ఆ పద్ధతి చేతికొచ్చాక సిద్ధాంతకారులు దానితో ఏం సాధించారో తెలియాలంటే ఒకే ఒక సంఖ్యను పట్టుకుంటే చాలు. అది 43,20,000. ఒక మహాయుగంలోని సంవత్సరాల సంఖ్య. కృత, త్రేత, ద్వాపర, కలియుగాల పేర్లు సంకల్పంలో రోజూ వినే తెలుగువారికి ఈ సంఖ్య కొత్తది కాదు. అయితే దీన్ని గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా రెండు జట్లుగా చీలిపోతారు. మన పూర్వులకు లక్షల ఏళ్ల కాలం లెక్క తెలుసు కాబట్టి అంత ప్రాచీనమైన పరిశీలన ఉండే ఉంటుందని ఒక జట్టు అంటుంది. ఇవన్నీ ఊహకు వచ్చిన పెద్ద అంకెలే, వీటికి ఆధారం లేదని రెండో జట్టు కొట్టిపారేస్తుంది. ఇద్దరూ దాన్ని గడిచిన కాలానికి కొలతగానే చూస్తున్నారు. ఖగోళ గణితంలోకి అడుగుపెట్టాక ఈ సంఖ్య చేసిన పని వేరు. సూర్యుడు, చంద్రుడు, అయిదు గ్రహాలు, వీటన్నిటి వేగాలనూ భిన్నాలుగా రాయడానికి అది ఉమ్మడి హారం అయింది. ఈ మాటకు సాక్ష్యం శాసనాల్లోనో పురాణాల్లోనో వెతకనక్కర్లేదు, ఆ అంకెల లోపలే ఉంది.

ముందు సంఖ్యను విప్పి చూద్దాం. 43,20,000ను ప్రధాన కారణాంకాలుగా విడదీస్తే ఎనిమిది రెళ్లు, మూడు మూళ్లు, నాలుగు అయిదులు వస్తాయి. ఏడు లేదు, పదకొండు లేదు, అంతకు మించిన ప్రధాన సంఖ్య ఏదీ లేదు. దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 180 ఉన్నాయి. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కలలు, రాశికి 30 డిగ్రీలు, ఏడాదికి 12 నెలలు, రోజుకు 60 ఘడియలు. కాలాన్నీ కోణాన్నీ కొలిచే ఈ విభాగాలన్నీ రెండు, మూడు, అయిదులతోనే కట్టినవి. కాబట్టి యుగ సంఖ్య వీటిలో దేనితో కలిసినా కొట్టివేతలు జరిగి లెక్క తేలికైపోతుంది. వృత్తంలో 21,600 కలలు ఉంటాయి. 43,20,000ను దానితో భాగిస్తే సరిగ్గా 200. అంటే ఒక గ్రహం యుగంలో ఎన్ని భగణాలు, అంటే ఎన్ని చుట్లు, తిరుగుతుందో తెలిస్తే ఆ సంఖ్యను 200తో భాగించగానే ఏడాదికి అది నడిచే దూరం కలల్లో వచ్చేస్తుంది. ఆర్యభటుడు శనికి ఇచ్చిన భగణాలు 1,46,564. ఇరవైతోనూ పదితోనూ భాగించుకుంటే 732.82 కలలు, అంటే 12 డిగ్రీల 13 కలలకు కాస్త తక్కువ. తాటాకు మీద గంటంతో, నేల మీద గవ్వలతో లెక్క కట్టేవాడికి ఇలాంటి హారం ఎంత ఆదా చేస్తుందో వేరే చెప్పాలా?

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ఈ సంఖ్య ఆర్యభటుడి కంటే చాలా పాతది, ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంచుకున్నది కాదు కదా అని. నిజమే. శతపథ బ్రాహ్మణం ఋగ్వేద అక్షరాలను 36 అక్షరాల బృహతీ ఛందస్సులో 12,000గా లెక్కిస్తుంది. గుణిస్తే 4,32,000. అదే గ్రంథం ఏడాదికి 10,800 ముహూర్తాలని చెప్పి, అగ్నిచయన వేదికకు అన్నే ఇటుకలు పేర్చమంటుంది. మనుస్మృతి 12,000 ఏళ్ల దివ్య యుగం గురించి చెబుతుంది. ఒక దివ్య సంవత్సరానికి 360 మానవ సంవత్సరాలన్న లెక్క కలిపితే 43,20,000 వస్తుంది. అటు బాబిలోనియాలో క్రీ.పూ. మూడో శతాబ్దపు పూజారి బెరోసస్ జలప్రళయానికి ముందు పదిమంది రాజులు మొత్తం 4,32,000 ఏళ్లు పాలించారని గ్రీకు భాషలో రాశాడు. అరవైని ఆధారంగా లెక్కించే ఆ దేశానికి అది అరవై ఘనానికి రెట్టింపు. ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందన్న వాదం చాలాకాలంగా నడుస్తోంది. 360తో కాలాన్ని విభజించే ఏ సమాజమైనా పెద్ద సంఖ్య కట్టుకుంటూ పోతే 432 దగ్గరికి చేరడం సహజమని నా అభిప్రాయం. అయినా ఈ వ్యాసానికి ఆ తగువు తేలాల్సిన అవసరం లేదు. సంప్రదాయం చేతికిచ్చిన సంఖ్యను సిద్ధాంతకారులు ఏ పనికి వాడుకున్నారు, ఆ పనికి అడ్డొచ్చిన చోట సంప్రదాయాన్ని ఎలా సవరించుకున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఆర్యభటీయంలో మొదటి భాగమైన గీతికలు చూస్తే ఆ పని తెలుస్తుంది. అక్షరాలతో అంకెలు రాసే సొంత పద్ధతిలో ఆయన సూర్యుడి భగణాలను ‘ఖ్యుఘృ’ అన్న చిన్న మాటలో ఇమిడ్చాడు. ఖకు 2, యకు 30, ఆ రెంటికీ కలిసిన ఉకారం వల్ల పదివేల స్థానం. ఘకు 4, ఋకారం వల్ల పదిలక్షల స్థానం. కలిపితే 43,20,000. చంద్రుడికి 5,77,53,336, గురుడికి 3,64,224, కుజుడికి 22,96,824, బుధుడికి 1,79,37,020, శుక్రుడికి 70,22,388. యుగంలోని రోజులు 1,57,79,17,500. వీటిని చూసి ఇంత కచ్చితంగా ఎవరు లెక్కపెట్టారని ఆశ్చర్యపోవడం మామూలే. లక్షల ఏళ్లు ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక మెలకువ తెలిస్తే అవి ఎలా వచ్చి ఉంటాయో అర్థమవుతుంది. యుగంలో మూడు పాదాలు గడిచి, ఆపైన అరవై అరవైల సంవత్సరాలు, అంటే 3,600 ఏళ్లు నిండేసరికి తనకు ఇరవై మూడేళ్లని ఆర్యభటుడే చెప్పుకున్నాడు. అది క్రీ.శ. 499 మార్చి. 43,20,000ను 3,600తో భాగిస్తే 1,200. కలి మొదట్లో గ్రహాలన్నీ మేషాదిలో, అంటే మేషరాశి మొదటి బిందువు దగ్గర, ఉన్నాయని అనుకుంటే, 499లో ఏ గ్రహం మధ్యమ స్థానమైనా, అంటే సగటు వేగంతో లెక్కించిన స్థానమైనా, కావాలంటే దాని భగణాలను 1,200తో భాగించి మిగిలిన భిన్నాన్ని తీసుకుంటే సరిపోతుంది. శని తీసుకోండి. 1,46,564 భాగించు 1,200 అంటే 122 పూర్తి చుట్లు, ఆపైన 0.13667 చుట్టు. డిగ్రీల్లో 49.2, అంటే 49 డిగ్రీల 12 కలలు.

ఇప్పుడు ఇదే లెక్కను వెనక్కి తిప్పండి. 499లో శని మధ్యమ స్థానం సుమారు 49 డిగ్రీలని ఒక గణకుడికి తెలుసు అనుకుందాం. శని ఒక చుట్టు తిరగడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుందనీ తెలుసు. యుగంలో భగణాలు ఎన్నని రాయాలి? అదే స్థానాన్ని ఇచ్చే సంఖ్యలు 1,200 చొప్పున ఎడంగా ఉంటాయి. 1,46,564కు ఇటు 1,45,364, అటు 1,47,764. మొదటిది తీసుకుంటే శని చుట్టు 29.72 ఏళ్లు అవుతుంది, రెండోది తీసుకుంటే 29.24 ఏళ్లు. రెండు మూడు తరాల పాటు శనిని చూసిన ఎవరైనా ఆ రెంటినీ తోసిపుచ్చగలరు. 1,46,564 ఇచ్చే 29.475 ఏళ్లే నిలుస్తుంది. ఇప్పటి కొలత 29.46కు అది ఎంత దగ్గరో చూడండి. పన్నెండు వందల చీలికలున్న ఒక కొలబద్ద మీద గ్రహాన్ని నిలబెట్టి, చుట్ల సంఖ్యను చదువుకున్నట్టే ఇది. ఏడంకెల యుగం ముందుకు తెచ్చిన కచ్చితత్వం లక్షల ఏళ్ల జ్ఞాపకం నుంచి రాలేదు. 3,600 ఏళ్ల అవతల అందరికీ ఒకే ప్రారంభ బిందువు పెట్టుకోవడం నుంచి వచ్చింది.

ఆ ప్రారంభ బిందువు ఊహించుకున్నదేనా అన్న సందేహానికి రోజుల లెక్క జవాబు చెబుతుంది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బలంగా కనిపించే సాక్ష్యం ఇదే. ఆర్యభటుడి పేరుతో రెండు పద్ధతులు వాడుకలో ఉండేవి. ఆర్యభటీయంలో కలి క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం సూర్యోదయంతో మొదలవుతుంది. అర్ధరాత్రిక పద్ధతిలో దానికి ముందు అర్ధరాత్రితో మొదలవుతుంది. బ్రహ్మగుప్తుడు 665లో రాసిన ఖండఖాద్యకం ఈ రెండో పద్ధతి మీదే నడిచింది. రెండు పద్ధతుల్లో యుగ దినాలు ఒకటి కావు. మొదటిదానిలో 1,57,79,17,500, రెండోదానిలో 1,57,79,17,800. మూడు వందల రోజుల తేడా. నూట యాభై ఏడు కోట్లలో మూడు వందలు ఎందుకు పెరిగాయి? పరిశీలన మెరుగైందా? రెంటినీ 1,200తో భాగించండి. మొదటిది 13,14,931.25. రెండోది 13,14,931.5. సూర్యోదయం నుంచి పావు రోజు పైన లెక్కిస్తే మధ్యాహ్నం. అర్ధరాత్రి నుంచి అర రోజు పైన లెక్కిస్తే అదే మధ్యాహ్నం. రెండు దారులూ క్రీ.శ. 499 మార్చి 21 మధ్యాహ్నం దగ్గరే కలుస్తున్నాయి. మొదలు ఆరు గంటలు వెనక్కి జరిగితే చివర జరగకుండా ఉండడానికి యుగానికి సరిగ్గా మూడు వందల రోజులు చేర్చారు. చివర ఎక్కడుందో తెలిసిన తర్వాతే మొదలును కట్టారనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఏం కావాలి?

ఇక భగణాల మీదికి వద్దాం. ఆర్యభటుడి చంద్రుడు, అయిదు గ్రహాల భగణాలు అన్నీ నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడతాయి. ఇది యాదృచ్ఛికం కాదు. ఆయన మహాయుగాన్ని నాలుగు సమాన పాదాలుగా, ఒక్కోటి 10,80,000 ఏళ్లుగా పంచాడు. మూడు పాదాలు గడిచాక కలి మొదట్లో అందరూ సున్న దగ్గర ఉండాలంటే భగణాలు నాలుగు గుణిజాలు కావాలి. చంద్రోచ్చం (చంద్రుడు భూమికి అత్యంత దూరంగా ఉండే బిందువు), రాహువుల భగణాలు మాత్రం నాలుగు గుణిజాలు కావు. చంద్రోచ్చ భగణాలైన 4,88,219ని మూడు పాదాలతో గుణిస్తే పావు చుట్టు మిగిలి 90 డిగ్రీలు, రాహు భగణాలైన 2,32,226కు అర చుట్టు మిగిలి 180 డిగ్రీలు. ఇవీ పాదాల లెక్కకే లొంగి ఉన్నాయి. కానీ స్మృతులు యుగాలను 4, 3, 2, 1 నిష్పత్తిలో పంచాయి. కృతయుగం 17,28,000, త్రేత 12,96,000, ద్వాపర 8,64,000, కలి 4,32,000. ఆర్యభటుడు స్మృతిని దాటాడని బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో గట్టిగానే తప్పుపట్టాడు. ఆయన ఎందుకు దాటాడు? స్మృతి లెక్కన కలి ఆరంభం యుగంలో పదింట తొమ్మిది వంతుల దగ్గర పడుతుంది. అప్పుడు భగణాలు పది గుణిజాలు కావాలి. 499లో ఒక భగణం మారితే 0.3 డిగ్రీ మారుతుంది కాబట్టి, పది గుణిజాలతో గ్రహాన్ని మూడేసి డిగ్రీల మెట్ల మీదే నిలబెట్టగలం. నాలుగు గుణిజాలతో మెట్టు 1.2 డిగ్రీ. గ్రహణాలు, గ్రహయుతులు లెక్కించేవాడికి ఈ రెంటి మధ్య తేడా చాలా పెద్దది.

ఇది ఆర్యభటుడి మనసులో ఉందని ఎలా చెప్పగలం, ఆయన ఆ కారణం రాయలేదు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ఆర్యభటుడి దగ్గర కాదు, సూర్యసిద్ధాంతంలో దొరుకుతుంది. ఇప్పుడు మనకు అందుతున్న సూర్యసిద్ధాంతం స్మృతి విభజననే నిలబెట్టింది. యుగ దినాలను 1,57,79,17,828గా, శని భగణాలను 1,46,568గా సవరించింది. గ్రహాలన్నీ కృతయుగాంతంలో మేషాదిన కలిశాయని కూడా చెప్పింది. కల్పం (వెయ్యి యుగాల కాలం) మొదలైన దగ్గర్నుంచి కృతయుగాంతానికి 1,97,07,84,000 ఏళ్లు. యుగాలతో భాగిస్తే 456.2. ఆ 0.2 వల్ల భగణాలు అయిదు గుణిజాలు కావాల్సి వస్తుంది, కలి ఆరంభానికి మళ్లీ పది గుణిజాలు. ఇక్కడ సూర్యసిద్ధాంతం ఒక వింత మాట చెబుతుంది. బ్రహ్మకు సృష్టి చేయడానికి 47,400 దివ్య సంవత్సరాలు, అంటే 1,70,64,000 ఏళ్లు పట్టాయి, గ్రహాలు ఆ తర్వాతే కదిలాయి అని. ఇది యుగాల్లో 3.95. తీసివేయండి. 456.2లోంచి 3.95 పోతే 452.25. పావు మళ్లీ వచ్చేసింది! భగణాలు నాలుగు గుణిజాలుగా ఉంటే చాలు, కృతయుగాంతంలోనూ కలి ఆరంభంలోనూ గ్రహాలు సున్న దగ్గరే ఉంటాయి. సూర్యసిద్ధాంతంలో చంద్రుడి, అయిదు గ్రహాల భగణాలు అన్నీ నాలుగు గుణిజాలే. ఆర్యభటుడు స్మృతిని పక్కనపెట్టి సాధించిన దాన్నే సూర్యసిద్ధాంత కర్త స్మృతిని కాపాడుతూ సాధించాడు. అందుకోసం సృష్టికి పట్టిన కాలాన్నే లెక్కకు తగ్గట్టు అమర్చాడు. ఇప్పటికీ చాలా పంచాంగాల్లో సృష్ట్యాది గతాబ్దాలుగా అచ్చయ్యే 195 కోట్ల పైచిలుకు సంఖ్య ఇదే. 452.75 యుగాలు, ఆపైన కలి గతాబ్దాలు.

రెండో పెద్ద అభ్యంతరం యూరప్ నుంచి వచ్చింది, అదీ మనకు అనుకూలంగా. 1769 నాటి శుక్రగ్రహ సంక్రమణం చూడడానికి పుదుచ్చేరికి వచ్చిన ఫ్రెంచి ఖగోళవేత్త లె జాంతి అక్కడి పంచాంగకర్తల దగ్గర గ్రహణ గణితం నేర్చుకుని వెళ్లి ప్రచురించాడు. దాన్నీ అలాంటి మరికొన్ని పట్టికలనూ పట్టుకుని 1787లో జాన్ సిల్వాన్ బెయిలీ క్రీ.పూ. 3102లో భారతీయులు నిజంగానే ఆకాశాన్ని పరిశీలించారని, ఆ పట్టికలు అంత పాతవని వాదించాడు. స్కాట్లండులో జాన్ ప్లేఫెయిర్ సమర్థించాడు. లాప్లాస్ ఒప్పుకోలేదు. ఈ వాదం మన దేశాభిమానానికి ఇంపుగా ఉంటుంది కాబట్టి ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కానీ ఆధునిక గణితం ప్రకారం ఆ రోజున గ్రహాలు ఒక బిందువు దగ్గర లేవు, ఆకాశంలో కొన్ని పదుల డిగ్రీల మేర పరచుకుని ఉన్నాయి. కళ్లతో చూసిన ఎవరూ అన్నీ ఒకచోటే ఉన్నాయని రాయరు. రోజే బియార్ అనే ఫ్రెంచి పరిశోధకుడు 1971లో ఆర్యభటుడి మధ్యమ గ్రహాల లోపాలను కాలం వెంట గీతలుగా గీశాడు. ఆ గీతలన్నీ క్రీ.శ. 500 ప్రాంతంలో సున్న దగ్గర ముడిపడ్డాయి, అటూ ఇటూ వెళ్లేకొద్దీ విడిపోయాయి. ఆ స్థానాలు సొంత పరిశీలన వల్ల వచ్చినవి కావని, గ్రీకు పట్టికల నుంచి తీసుకున్నవని డేవిడ్ పింగ్రీ వాదించాడు. ఆ వివాదం ఎటు తేలినా ఇక్కడి వాదం చెక్కుచెదరదు. అంకెలు ఎవరివైనా, వాటిని భగణాలుగా మార్చి యుగంలో అమర్చిన పని ఆర్యభటుడి కాలానిదే. ఆర్యభటుడికి మూడు వేల ఆరు వందల ఏళ్ల ప్రాచీనతను అరువివ్వడం కంటే, ఇరవై మూడేళ్ల వయసు నాటి ఆకాశాన్ని ఆధారంగా చేసుకుని అంత లెక్క కట్టాడని గుర్తించడమే ఆయనకు ఎక్కువ గౌరవం.

హారమే కావాలంటే చిన్నది సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. వేదాంగ జ్యోతిషంలో యుగం అయిదేళ్లే. 1,830 రోజులు, 62 చాంద్రమాసాలు. ఏడాది 366 రోజులని తేలే ఆ లెక్క యజ్ఞకాలాలకు సరిపోయింది, గ్రహాలకు సరిపోదు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో చెప్పిన రోమక సిద్ధాంతం 2,850 ఏళ్ల యుగాన్ని వాడింది. గ్రీకుల పందొమ్మిదేళ్ల చక్రాన్ని నూట యాభైతో గుణిస్తే వచ్చింది అది. సూర్యచంద్రులిద్దరికీ బాగానే ఉంటుంది గానీ, అందులోని 19 అనే కారణాంకం ఏ డిగ్రీతోనూ ఏ ఘడియతోనూ కొట్టుకుపోదు. ఏడుగురినీ ఒకే గీత మీద నిలబెట్టి, ప్రతివారి చుట్లూ పూర్ణాంకాలుగా రావాలంటే హారం పెద్దదే కావాలి. అక్కడితోనూ ఆగలేదు. మందోచ్చాలు (గ్రహ కక్ష్యల్లోని దూరపు బిందువులు), పాతాలు (కక్ష్యలు క్రాంతివృత్తాన్ని దాటే బిందువులు) అతి నెమ్మదిగా కదులుతాయి కాబట్టి వాటి చుట్లను కూడా పూర్ణాంకాలు చేయడానికి బ్రహ్మగుప్తుడు వెయ్యి యుగాల కల్పాన్నే హారంగా తీసుకున్నాడు. 4,32,00,00,000 ఏళ్లు, 15,77,91,64,50,000 రోజులు. ఈ పెరుగుదల దిశ గమనించాలి. ప్రతి పెద్ద యుగం వెనుకా లెక్కలో మిగిలిపోయిన ఒక భిన్నం ఉంది.

చివరగా, హారం, భిన్నం అనే మన ఆలోచనను పాతవాళ్ల మీద రుద్దుతున్నామన్న ఆక్షేపణ. దీనికి వాళ్ల గ్రంథాలే సమాధానం. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు యుగ భగణాలనూ దినాలనూ అలాగే మోసుకు తిరగలేదు. గరిష్ఠ సామాన్య భాజకంతో రెంటినీ కుదించాడు. సూర్యుడికి 7,500తో భాగించి 576 బై 2,10,389. చంద్రుడికి 732తో భాగించి 78,898 బై 21,55,625. కుదించగానే యుగం మాయమై భిన్నమే మిగిలింది. సూర్యుడు సూర్యోదయ వేళకే సరిగ్గా మేషాదికి తిరిగి రావడానికి 43 లక్షల ఏళ్లు అక్కర్లేదు, 576 ఏళ్లలో వస్తాడని ఆ భిన్నం చెబుతుంది. పంచాంగంలో అధికమాసం కూడా ఇలాంటి భిన్నమే. యుగంలో 5,18,40,000 సౌరమాసాలు, 15,93,336 అధికమాసాలు, అంటే ముప్పై రెండున్నర నెలలకు కాస్త పైన ఒకటి. ఆర్యభటుడి తర్వాతి ఖగోళ గణకుడు లల్లుడు ఇంకో అడుగు వేశాడు. గ్రహాలు లెక్కకు తప్పుతున్నాయని చూసి, శక సంవత్సరంలోంచి 420 తీసేసి మిగిలిన ఏళ్లకు తగినట్టు దిద్దుబాటు చేయమన్నాడు. శకం 420 అంటే క్రీ.శ. 498–99. అంటే దోషం ఆర్యభటుడి ఏట సున్న, అక్కడి నుంచి పెరుగుతోందని ఆయనకు తెలుసు. యుగ భగణాలను బ్రహ్మ వాక్కుగా భావించినవాడు వాటికి ఇలాంటి దిద్దుబాటు, అంటే బీజ సంస్కారం, చేయడు. మిగిలింది ఒక చిక్కు. 576 బై 2,10,389 అనే భిన్నంలో శేషం ఇంత అని చెబితే గడిచిన రోజులు ఎన్నో వెనక్కి ఎలా కనుక్కోవాలి? దానికి ఆర్యభటుడు గణితపాదం చివరి రెండు శ్లోకాల్లో చెప్పిన కుట్టకం గురించి వచ్చే భాగంలో.